ఎవరికి ఎప్పుడు ఏం తెలుసు: ఒథెల్లో చదివిన నా అనుభవం

షేక్స్‌పియర్ రాసిన ఒథెల్లో నాటకంలో, వెనిస్ సేనాధిపతి ఒథెల్లోకి అతని కింద పనిచేసే ఇయాగో, నీ భార్య డెస్డిమోనాకు నీ లెఫ్టినెంట్ కాసియోతో సంబంధం ఉందని లేని అనుమానం రేపి, ఆమెను అతని చేతే చంపిస్తాడు. ఈ నాటకం మీద పరీక్షల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇయాగో ఇంత పని ఎందుకు చేశాడు? బజారులో దొరికే గైడ్లలో దీనికి జవాబు రెడీగా ఉంటుంది. ప్రమోషన్ రాలేదన్న కోపం, భార్య మీద అనుమానం, ఒథెల్లో నల్లవాడన్న చులకన. ఆఖర్న ఇంగ్లీషు కవి, విమర్శకుడు కోల్‌రిడ్జ్ మాట ఒకటి తగిలిస్తారు, కారణం లేని దుర్మార్గం తనకు కారణాలు వెతుక్కుంటోందని. ఒథెల్లో విషయంలో ఇంకా తేలిక. అతని లోపం అసూయ, అంతే. మెక్‌బెత్‌కి రాజ్యకాంక్ష, లియర్‌కి అహం, హామ్లెట్‌కి తాత్సారం. తలా ఒక మాట పంచేసి పేజీ తిప్పేస్తారు.

నేను బ్యాంకులో ఉద్యోగం చేస్తూ, పిల్లలు కాస్త పెద్దవాళ్లయ్యాక దూరవిద్యలో ఎంఏ ఇంగ్లీషు కట్టాను. అదే ఏడాది మా అక్క కూతురు యూనివర్సిటీలో రెగ్యులర్‌గా ఎంఏలో చేరింది. ఇద్దరికీ షేక్స్‌పియర్ పేపరు ఉంది. నా దగ్గర గైడ్లు, దాని దగ్గర సీనియర్లు ఇచ్చిన నోట్సు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే సరుకు. "పిన్నీ, ఇదంతా నాటకం చదవకుండానే రాసేయొచ్చు కదా" అంది ఒకరోజు ఫోన్‌లో. నిజమే, చాలామంది అలా రాసే పాసవుతున్నారు. నా ఇబ్బంది వేరే. అసూయ అనే జవాబు చేతిలో పట్టుకుని నాటకం తెరిస్తే, మొదటి రెండు అంకాల్లో ఒథెల్లో ఎక్కడా అసూయపరుడిలా కనిపించడు. పెళ్లికూతురి తండ్రి అర్ధరాత్రి కత్తులు పట్టిన మనుషులను వెంటేసుకుని మీదికొస్తే గొంతు కూడా పెంచడు. అలాంటివాడు మూడో అంకంలో ఒక్క రంగం ముగిసేసరికి మోకాళ్ల మీద కూర్చుని పగ తీర్చుకుంటానని ఒట్టు పెడతాడు. మధ్యలో ఏం జరిగింది? "అసూయ పుట్టింది" అంటే జరిగినదానికి పేరు పెట్టినట్టే గానీ, ఎలా జరిగిందో చెప్పినట్టు కాదు.

అందుకని గైడ్లు అటక మీద పెట్టి, రూళ్ల పుస్తకం ఒకటి తీశాను. ప్రతి రంగానికీ మూడు గడులు. ఒకటి, రంగంలో ఎవరెవరు ఉన్నారు, నోరెత్తకుండా నిలబడినవాళ్లతో సహా. రెండు, ఆ క్షణానికి ఒక్కొక్కరికి ఏం తెలుసు. మూడు, ఎవరు ఎవరి దగ్గర్నుంచి ఏం రాబట్టాలని చూస్తున్నారు. వోచరు ఎవరు రాశారు, ఎవరు పాస్ చేశారు, ఏ టైముకి చేశారు అని చూడటం మా ఉద్యోగంలో రోజూ ఉండేదే, బహుశా ఆ అలవాటే ఇటొచ్చింది. లోపం, స్వభావం, గుణం లాంటి మాటలు మాత్రం ఆ పుస్తకంలో రాయకూడదని మా ఇద్దరి ఒప్పందం. భాష సంగతి చెప్పక్కర్లేదు. 1604 నవంబర్ 1న లండన్‌లో రాజుగారి ఎదుట ఆడినట్టు రికార్డు ఉన్న నాటకం, అప్పటి ఇంగ్లీషు. పేజీ కింద అర్థాలు వేసిన ప్రతి కొనుక్కుంటే సగం బాధ తీరుతుంది.

మొదటి రంగానికే ఈ గడులు పనికొచ్చాయి. వెనిస్‌లో ఒక రాత్రి, డెస్డిమోనా తండ్రి బ్రబాన్షియో అనే పెద్దమనిషి ఇంటి కింద ఇయాగో, ఆమె మీద ఆశపడ్డ రోడెరిగో నిలబడి అరుస్తున్నారు, నీ కూతురు లేచిపోయిందని. ఎవరితో? "ఆ మూర్" (ఆఫ్రికా మనిషి) అంటారు, పెదాలు లావుగా ఉన్నవాడంటారు, నల్ల పొట్టేలు అంటారు. రంగమంతా వెతికినా ఒథెల్లో అనే పేరు ఒక్కసారి కూడా వినపడదు. మూడో రంగంలో వెనిస్ ప్రభువు పిలిచేదాకా ఆ మనిషికి పేరే లేదు. అంటే అతను మన కళ్లముందుకు వచ్చేలోపే అతని గురించి చెప్పుడు మాటలు మన చెవిలో పడిపోయాయి. ఆ తర్వాత స్వయంగా వచ్చి, నెమ్మదిగా, హుందాగా మాట్లాడితే ఆశ్చర్యపోతాం. ఇయాగో పనితనం ముందు మన మీదే ప్రయోగించి చూపించాడు షేక్స్‌పియర్. ఏ గైడులోనూ ఈ సంగతి నాకు కనపడలేదు.

మూడో రంగంలో సభ. డెస్డిమోనా అందరి ముందూ నిలబడి, ఇంతవరకు నాన్నకు కూతురిని, ఇకమీదట నా భర్తకు భార్యను అని చెబుతుంది. అంతటితో ఊరుకోదు, సైప్రస్‌లో యుద్ధానికి భర్త వెంట నేనూ వెళ్తానని పట్టుబడుతుంది. బ్రబాన్షియో ఓడిపోయి వెళ్తూ వెళ్తూ అల్లుడితో రెండు ముక్కలంటాడు: కళ్లుంటే దాన్ని కనిపెట్టుకుని ఉండు, కన్నతండ్రిని మోసం చేసింది, రేపు నిన్నూ చేయొచ్చు. దానికి ఒథెల్లో, ఆమె నమ్మకం మీద నా ప్రాణం పందెం అని, ఆ వెంటనే ఇయాగో వైపు తిరిగి, డెస్డిమోనాను నీకు అప్పగిస్తున్నాను, జాగ్రత్తగా సైప్రస్ తీసుకురా అంటాడు. ఇక్కడ మొదటి గడి చూడండి. తండ్రి ఆ మాట అన్నప్పుడు ఇయాగో అక్కడే ఉన్నాడు, విన్నాడు. మూడో అంకంలో అదే మాట బయటికి తీస్తాడు.

ఆ మూడో అంకం మూడో రంగం కళ్లతో చదివినంతసేపు నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. ఇంత పెద్ద సేనాధిపతి ఇంత తేలిగ్గా పడిపోతాడా అని. "పైకి చదువుదాం పిన్నీ" అంది మా అమ్మాయి. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని కూర్చున్నాం. ఒథెల్లో అది, ఇయాగో నేను.

డెస్డిమోనాతో మాట్లాడుతున్న కాసియో, దూరం నుంచి ఒథెల్లో రావడం చూసి గబగబా వెళ్లిపోతాడు. ముందు రాత్రి తాగి గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు, మొహం చూపించలేక పోయాడు. ఇది మనకు తెలుసు, డెస్డిమోనాకు తెలుసు, ఇయాగోకి అందరికన్నా బాగా తెలుసు, ఎందుకంటే తాగించినవాడు అతనే. ఒథెల్లోకి మాత్రం కనిపించింది ఒక వీపు. పక్కనుంచి ఇయాగో "అబ్బే, అది నాకు నచ్చలేదు" అంటాడు. ఏమన్నావని ఒథెల్లో అడిగితే, "ఏం లేదు ప్రభూ" అంటాడు. ఆపైన డెస్డిమోనా వచ్చి కాసియోని వెనక్కి పిలవమని బతిమాలుతుంది, ఇవాళ రాత్రి భోజనానికా, పోనీ రేపా, మంగళవారం పొద్దునా, సాయంత్రమా అని. కొత్త పెళ్లాం గారాబం అంతా ఉంది అందులో. నువ్వు ఏదడిగినా కాదనను అంటాడతను. ఆమె వెళ్లగానే అసలు కథ మొదలు.

"మీ పెళ్లి ముచ్చట్లప్పుడు మీ ప్రేమ సంగతి కాసియోకి తెలుసా ప్రభూ?"

"మొదట్నుంచీ తెలుసు. ఎందుకడిగావు?"

"ఊరికే, నా ఆలోచన తీరడం కోసం."

"ఏమిటా ఆలోచన?"

"వాళ్లిద్దరికీ పరిచయం ఉందనుకోలేదు."

"మా ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది అతనే."

"అలాగా!"

అక్కడ్నుంచి నేను చదవాల్సినవన్నీ ముక్కలే. అతను అడుగుతాడు, నేను అతని మాటే తిప్పి పలుకుతాను. ఏమనుకుంటున్నావంటే, "అనుకోవడమా ప్రభూ?" అంటాను. కొంతసేపయ్యాక మా అమ్మాయి చదవడం ఆపేసింది. "పిన్నీ, ప్రశ్నలన్నీ నావే. నువ్వసలేం చెప్పట్లేదు. నాకే కోపమొస్తోంది, ఏదో ఒకటి చెప్పి చావు అనిపిస్తోంది" అంది. నవ్వొచ్చింది గానీ కీలకం అక్కడే ఉంది. నిండు గొంతుతో ప్రశ్న వేసినవాడికి బదులు అతని మాటే ఖాళీగా వెనక్కి వస్తుంటే, ఆ ఖాళీని తనే నింపుకుంటాడు. వీడి ఆలోచనలో ఏదో భూతం దాక్కుంది అని ఒథెల్లోనే అంటాడు. ఇయాగో ఇంకా ఏ నేరమూ ఆరోపించలేదు. పైపెచ్చు, అసూయ దగ్గరికి రానివ్వకండి, అది పచ్చకళ్ల రాక్షసి అని తనే హెచ్చరిస్తాడు కూడా.

ఒథెల్లో దానికి ఇచ్చే జవాబు మా రూళ్ల పుస్తకంలో ఎర్రసిరాతో గీసి పెట్టాం. చూస్తేనే అనుమానిస్తాను, అనుమానిస్తే రుజువు చేస్తాను, రుజువయ్యాక ప్రేమో అసూయో ఏదో ఒకటి వదిలేస్తాను, నాన్చడం ఉండదు అంటాడు. ఇది అసూయపరుడి మాట కాదు, సేనాధిపతి మాట. అప్పటికప్పుడు తేల్చేయడం అతని వృత్తి. ముందు రాత్రి కాసియో విషయంలోనూ ఇదే చేశాడు. గొడవ ఎలా మొదలైందని అడిగాడు, కాసియో నోరు పెగల్లేదు, ఇయాగో సాక్ష్యం చెప్పాడు, అక్కడికక్కడే ఉద్యోగం పీకేశాడు. ఒక్క సాక్షి, ఒక్క నిమిషం, తీర్పు. రణరంగంలో ఈ గుణమే అతన్ని గొప్పవాణ్ణి చేసింది. ఇయాగో కొత్తగా ఏ గుణమూ ఎక్కించలేదు, ఉన్నదాన్ని పడకగదిలోకి తీసుకొచ్చాడు.

సరిగ్గా ఆ తర్వాత వచ్చేదే నాకు అన్నిటికన్నా భయం వేసిన చోటు. మా దేశపు ఆడవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు, వెనిస్‌లో మొగుడికి చూపించలేనివి దేవుడికి చూపిస్తారు అంటాడు ఇయాగో. ఒథెల్లో బయటివాడు. బతుకంతా గుడారాల్లో గడిచింది, వెనిస్ ఇళ్లలో ఏం జరుగుతుందో అతనికి తెలిసే దారి లేదు. పరాయి జిల్లా నుంచి వచ్చిన కొత్త అల్లుణ్ణి పక్కకు పిలిచి "మా వైపు ఇంతేనండి, మీకు తెలీదు" అని చెప్పినట్టే. కాదనడానికి అతని దగ్గర ఏముంది? "అలా అంటావా?" అని మాత్రం అనగలిగాడు. వెంటనే రెండో దెబ్బ: మిమ్మల్ని పెళ్లి చేసుకోవడానికి కన్నతండ్రిని మోసం చేసింది కదా. "అవును, చేసింది" అంటాడు ఒథెల్లో. మా అమ్మాయి ఆ రెండు మాటలు చాలా మెల్లగా చదివింది. సభలో నా ప్రాణం పందెం అన్న మనిషి ఇతనే. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. కాసేపటికి ఒథెల్లో ఒంటరిగా ఉన్నప్పుడు, నేను నల్లవాణ్ణి కాబట్టేమో, సరసంగా మాట్లాడటం రాదు కాబట్టేమో, వయసు మళ్లింది కాబట్టేమో అని కారణాలు తనే లెక్కపెట్టుకుంటాడు. అసూయ అని మనం ఒక్కమాటలో రాసేది నిజానికి ఇన్ని పొరలు.

ఇక రుమాలు. ఒథెల్లో భార్యకు ఇచ్చిన ఈ కానుకనే ఇయాగో కాసియో గదిలో పడేసి, తర్వాత రుజువుగా చూపిస్తాడు. 1693లోనే థామస్ రైమర్ అనే విమర్శకుడు వెక్కిరించాడు, దీనికి రుమాలు విషాదం అని పేరు పెట్టలేకపోయారా అని. వెక్కిరింత పక్కన పెట్టి, ఆ రుమాలు కింద పడిన చోటు చూడండి. నుదురు నొప్పిగా ఉందంటాడు ఒథెల్లో. డెస్డిమోనా పాపం కట్టు కడదామని రుమాలు తీస్తుంది. ఇది చాలదు, చిన్నది, వదిలెయ్ అని అతను తోసేస్తే కింద పడుతుంది. ఆ రుమాలు పడేలా చేసిందీ, పోనీ అన్నదీ అతనే. తర్వాత ప్రాణం మీదికి తెచ్చే వస్తువును తన కళ్లముందే పడితే గుర్తించలేదు. నాలుగో రంగంలో ఇదే రుమాలు గురించి పెద్ద కథ చెబుతాడు, ఈజిప్టు మంత్రగత్తె మా అమ్మకు ఇచ్చిందని. చివరి రంగంలో అదే రుమాలు మా నాన్న మా అమ్మకు ఇచ్చాడంటాడు. రెండింట్లో ఏది నిజం? మొదటిది భార్యను బెదిరించడానికి అప్పటికప్పుడు అల్లింది అని నా ఉద్దేశం. మా అమ్మాయి ఒప్పుకోదు, అతనికి నిజంగానే మంత్రాల మీద నమ్మకం ఉందంటుంది.

రుమాలు ఏరుకున్నది ఎమీలియా, ఇయాగో భార్య. ఈవిడ దగ్గరే మేం ఎక్కువ రోజులు ఆగిపోయాం. అమ్మగారికి ఆయన ఇచ్చిన మొదటి కానుక ఇది, మా ఆయన దీన్ని కాజేయమని వందసార్లు అడిగాడు, ఎందుకో నాకు తెలీదు, ఆయన సరదా తీర్చడమే నాకు కావాల్సింది అంటుంది. ఇంతవరకు సరే. కానీ తర్వాతి రంగంలో డెస్డిమోనా కంగారుపడుతూ, ఆ రుమాలు ఎక్కడ పోయి ఉంటుంది ఎమీలియా అని అడిగితే, "తెలీదమ్మా" అంటుంది. ఆ వెంటనే ఒథెల్లో వచ్చి రుమాలేదని అరవడం కూడా చూస్తుంది. అప్పుడైనా నోరు విప్పితే నాటకం అక్కడితో అయిపోయేది.

"చెప్పకపోవడానికి కారణమేంటి పిన్నీ? మొగుడంటే భయమా?"

"భయం కనిపించదే. ఆయన్ని చిరాకు మనిషంటుంది, ఎదురు మాట్లాడుతుంది."

"మరి?"

మరి ఏమిటో ఆ రాత్రి తేల్లేదు. మూడో గడిలోకి పోతే కొంచెం వెలుతురు వచ్చింది. రుమాలు తెచ్చినప్పుడు ఎమీలియా భర్త దగ్గర ఏం ఆశిస్తోంది? నీకోసం ఒకటి తెచ్చాను అంటుంది, ఏమిస్తావు అంటుంది. మెచ్చుకోలు కావాలి. అతను లాక్కుని, నువ్వు లోపలికి పో అంటాడు. అలా దొరికీ దొరకని మనసు కోసం చేసిన పని తప్పని ఒప్పుకోవడం కన్నా, తెలీదు అనేయడం సులువు. ఇళ్లలో ఇలాంటి చిన్న అబద్ధాలు రోజూ నడుస్తాయి, ఎవరూ చచ్చిపోరు. ఎమీలియాకి ఆ క్షణాన తెలిసింది కూడా అంతే, ఒక గుడ్డముక్క పోయిందని ఒక మొగుడు అరిచాడు. చివరి రంగంలో అసలు విషయం తెలిశాక, నోరు మూసుకోమని ఇయాగో కత్తి దూసినా ఆపదు, అందరి ముందూ చెప్పేసి ప్రాణం పోగొట్టుకుంటుంది. ముందు మౌనంగా ఉన్నావిడ, ఈ మాట్లాడినావిడ ఇద్దరూ ఒకరే. తెలిసినదాంట్లో తేడా వచ్చింది.

టైము లెక్క వేద్దామని కూర్చుంటే మాత్రం తల తిరిగింది. కాసియో ఒక ఓడలో, డెస్డిమోనా వేరే ఓడలో, ఒథెల్లో ఇంకో ఓడలో సైప్రస్ చేరారు. ఆ సాయంత్రం ఐదు నుంచి పదకొండు వరకు పండగ చేసుకోమని చాటింపు. ఆ రాత్రే కాసియో తాగడం, మర్నాడు పొద్దున్నే ఆమెను ఆశ్రయించడం, ఆ తర్వాత అంతా ఒకదాని వెనక ఒకటి, మరో రాత్రికి హత్య. మరి డెస్డిమోనా, కాసియో చేశారన్న ఆ తప్పు ఎప్పుడు జరిగింది? వెయ్యిసార్లు జరిగిందంటాడు ఒథెల్లో చివర్లో! పండితులు దీన్ని జంట కాలం అని చాలా రాశారు. నాకు అందులో ఒక్కటే పనికొచ్చింది. నాటకం చూసేవాడికి ఈ లెక్క తట్టదు, ఒథెల్లోకీ తట్టదు, వేగం అలాంటిది. ఒక్క రోజు ఖాళీ దొరికితే ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని అడిగేవారు. చల్లబడితే పన్నాగం మొద్దుబారిపోతుందని రెండో అంకం చివర ఇయాగోనే అనుకుంటాడు.

ఇప్పుడు ఇయాగో. అతను స్వగతాల్లో చెప్పిన కారణాలన్నీ ఒక పేజీలో రాశాం. మొదట కాసియోకి ప్రమోషన్, యుద్ధం ఎరగని లెక్కల మనిషికి ఇచ్చారని ఏడుపు. తర్వాత ఒథెల్లో తన భార్యతో ఉన్నాడని జనం అనుకుంటున్నారట. ఆపైన నాకూ డెస్డిమోనా మీద మోజు ఉందంటాడు. కాసియో మీదా భార్య విషయంలో అనుమానమే. ఐదో అంకంలో, కాసియో బతుకులో ఒక అందం ఉంది, దాని ముందు నేను వికారంగా కనిపిస్తాను అంటాడు. ఇన్ని చెప్పేవాడికి ఒక్కటీ లేనట్టే అని కోల్‌రిడ్జ్ వైపు మొగ్గాలనిపిస్తుంది. పైగా మూడో అంకం మూడో రంగం చివర ఒథెల్లో, ఇవాళ్టి నుంచి నువ్వే నా లెఫ్టినెంట్ అని ఆ ప్రమోషన్ చేతిలో పెట్టేస్తాడు. మొదటి ఫిర్యాదు అక్కడ తీరిపోయింది. ఇయాగో ఆగాడా? లేదు.

నాకు మాత్రం ఆ జాబితాలో ఒక వాక్యం దగ్గర కాలు ఆగిపోయింది. భార్య గురించి చెబుతూ, నిజమో కాదో నాకు తెలీదు, కానీ వట్టి అనుమానానికే నిజమన్నంత పని చేస్తాను అంటాడు. తర్వాత ఒథెల్లో చేత చేయించింది అచ్చంగా ఇదే. తన లోపల ఉన్నదాన్ని అవతలివాడి లోపల నాటాడు. ఇది వేదిక మీద చెప్పిన సాకు కాదు, ఇంట్లో నిజంగా రగిలిందే అని చెప్పే ఆధారం మా అమ్మాయి పట్టుకుంది. నాలుగో అంకం రెండో రంగంలో, ఎవడో వెధవ మన దొర చెవిలో విషం పోశాడని తిడుతూ ఎమీలియా భర్త వైపు తిరిగి, ఇలాంటివాడే ఒకప్పుడు నీ బుర్ర పాడుచేసి, నాకూ మూర్‌కీ అంటగట్టించాడు అంటుంది. అంటే ఆ ఇంట్లో ఆ గొడవ నడిచింది, ఆవిడకు గుర్తుంది. "నోర్ముయ్, పిచ్చిదానా" అంటాడు ఇయాగో. ఇంత పెద్ద ఆధారం భార్య నోట్లోంచి వస్తే, అందరూ అతని స్వగతాల్లోనే వెతుకుతారెందుకో. చివర పట్టుబడ్డాక కారణం అడిగితే, నన్నేమీ అడక్కండి, మీకు తెలిసింది మీకు తెలుసు, ఇక నోరు విప్పను అంటాడు, విప్పడు కూడా. గొప్ప మిస్టరీ అని రాస్తారు గానీ, అప్పటికి భార్య చెప్పాల్సినంతా చెప్పేసింది.

2015లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ ఇయాగో వేషం కూడా నల్లజాతి నటుడు లూషియన్ మ్సమాటీతో వేయించింది. ఆ రికార్డింగ్ చూశాక మా పేజీలో ఒక లైను కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది. రంగు చులకన ఒక్కటే అతన్ని నడిపించింది అనడానికి అక్కడ వీల్లేదు, అయినా నాటకం నిలబడింది. కాసియో మీద కడుపుమంట, ఇంటి గొడవ ఇంకా పైకి తేలాయి.

డెస్డిమోనాను గైడ్లు అమాయకురాలు అని వదిలేస్తాయి. సభలో అందరి ముందూ వాదించిన పిల్ల అమాయకురాలా? ఆమె విషయంలో నాకు కుదిరిన వివరణ ఒకటే. తండ్రి ఇంటి తలుపు మూసుకుపోయింది, ఈ పెళ్లి తప్పని ఒప్పుకుంటే ఆ రోజు సభలో అన్నదంతా అబద్ధమవుతుంది. అందుకే రుమాలు పోలేదని బొంకుతుంది, అందుకే చచ్చిపోతూ కూడా ఎవరు చేశారంటే "ఎవరూ కాదు, నేనే" అంటుంది. చివరి రాత్రి ఆమె పాడే విల్లో పాట 1622లో అచ్చయిన చిన్న ప్రతిలో లేదు, 1623 పెద్ద సంపుటిలో ఉంది. పాట లేకుండా ఒకసారి చదివి చూడండి, ఎమీలియాతో ఆ చనువే సగం పోతుంది.

ఈ గడుల పద్ధతి మిగతా నాటకాలకూ పట్టుకెళ్లాం. లియర్ మొదటి పేజీలోనే, నా మీద ఎంత ప్రేమో చెప్పమని రాజు కూతుళ్లకు పెట్టే పరీక్ష మొదలుకాకముందే, అతని కొలువులోని కెంట్, గ్లోస్టర్ రాజ్యం వాటాల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. అంటే వాటాలు ముందే తేలిపోయాయి, పరీక్ష సభలో వినడం కోసం పెట్టిన తంతు. ఇది తెలిశాక చిన్న కూతురు కార్డీలియా "ఏమీ లేదు" అనడం వేరేగా వినిపిస్తుంది. సోఫోక్లీస్ ఈడిపస్‌లో అయితే రెండో గడి ఒక్కటే చాలు. కోరింత్ నుంచి వచ్చిన ముసలివాడు రాజుకు శుభవార్త చెప్పి బహుమానం కొట్టేద్దామని వచ్చాడు. నువ్వు నిన్ను పెంచిన కోరింత్ రాజు పాలిబస్ కొడుకువి కావు, కాళ్లు గుచ్చి కట్టేసిన పసివాడిగా నా చేతికి వచ్చావు అని ధైర్యం చెబుతున్నాననుకుంటాడు. పక్కనే రాణి యొకాస్టా, ఈడిపస్ భార్య, నిజానికి అతని కన్నతల్లి, నిలబడి వింటోంది. ఆమెకు అక్కడే అంతా తెలిసిపోయింది. ఈడిపస్‌కి ఇంకా తెలీదు. ఇక అడగొద్దని ఆమె కాళ్లావేళ్లా పడుతుంటే, నేను బానిస సంతానమని తేలితే రాణిగారికి నామోషీ కాబోలు అనుకుంటాడు. ఒకే వేదిక మీద ముగ్గురు, ముగ్గురికీ మూడు వేర్వేరు నాటకాలు నడుస్తున్నాయి.

మన దగ్గర విషాదాంతం తక్కువే. సంస్కృతంలో భాసుడి ఊరుభంగం లాంటివి వేళ్ల మీద లెక్క. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెప్పే విషాద సారంగధర, బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసింది, మళ్లీ తీసి చూశాను. పావురం కోసం చిత్రాంగి మేడకు వెళ్లిన కొడుకు మీద సవతితల్లి నింద వేస్తే, విచారణ లేకుండా శిక్ష వేసే రాజరాజ నరేంద్రుడు కనిపించాడు. రాజుకు ఏం తెలుసు, ఎవరు చెప్పారు, ఎంతసేపట్లో నమ్మాడు? గడులు నింపుతుంటే ఒథెల్లో గుర్తొచ్చాడు. రెంటికీ చుట్టరికం ఉందని కాదు, తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నవాడి తొందర రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు హామ్లెట్ మీద ఉన్నాం. రాణి గెర్ట్రూడ్ గడిలో పెద్ద ప్రశ్నార్థకం అలాగే ఉండిపోయింది. మొదటి భర్తను రెండో భర్త చంపాడని ఆమెకు ముందే తెలుసా? తెలీదని నేను. కొడుకు రాజును చంపడం అన్నప్పుడు, "రాజును చంపడమా!" అని అదిరిపడుతుంది, నటన అనడానికి ఆ చోట ఆధారం లేదు. తెలిసే ఉంటుంది, అడక్కుండా ఊరుకుంది అంటుంది మా అమ్మాయి. 1603లో అచ్చయిన మొదటి ప్రతిలో ఈ ఘోరమైన హత్య సంగతి నాకెప్పుడూ తెలీదని రాణి దేవుడి మీద ఒట్టేసి మరీ చెబుతుంది, ఆ వాక్యం ఫోటో తీసి పంపించాను. పది నిమిషాల్లో తిరుగు మెసేజ్: "అది వేరే ప్రతి పిన్నీ. మన సిలబస్‌లో ఉన్నదాంట్లో ఆ ఒట్టు లేదు. ఎందుకు తీసేశాడో చెప్పు ముందు."